తాగుడు మానడానికి ఆన్‌లైన్ మీటింగులు చాలవా? నేరుగా వెళ్లాల్సిందేనా?

మౌనశ్రోత:
మందు మానేసి కొన్ని నెలలైంది. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు తోడుగా ఉండే ఆల్కహాలిక్స్ అనానిమస్, అదే ఏఏ మీటింగులు ఫోన్‌లోనే వింటున్నాను. కెమెరా ఆపేసి, మైక్ మ్యూట్‌లో పెట్టుకుంటాను. ఈమధ్య ఒక సీనియర్ సభ్యుడు "నువ్వు మీటింగుకు రావట్లేదయ్యా, రేడియో వింటున్నావు" అన్నారు. నలుగురి మధ్య గదిలో కూర్చుంటే తప్ప నిలదొక్కుకోలేనని ఆయన వాదన. నాకేమో తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనని టెన్షన్. మీరేమంటారు?

పాతకాపు:
ఆయన కటువుగా అన్నారు గానీ నాదీ అదే మాట. 1935 మేలో, తాగుడు మానేసి ఉన్న బిల్ విల్సన్ (తర్వాత ఏఏ స్థాపకుల్లో ఒకడు) పనిమీద అమెరికాలోని ఆక్రన్ ఊరికి వెళ్లాడు. ఆ పని కాస్తా బెడిసికొట్టింది. హోటల్లో బార్ వైపు మనసు లాగుతుంటే, ఇంకో తాగుబోతుతో మాట్లాడితేనే గట్టెక్కుతానని వెతుక్కుంటూ వెళ్లాడు. అలా దొరికిన డాక్టర్ బాబ్ స్మిత్ పావుగంటలో లేచిపోదామని వచ్చి ఆరు గంటలు కూర్చున్నాడు. ఏఏకి అదే పునాది.

మీటింగులో చెప్పుకునే మాటలకంటే దానికి ముందూ వెనకా జరిగేదే ఎక్కువ పనిచేస్తుంది. కుర్చీలు సర్దుతూ, గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకుంటూ ఉంటేనే ఎవరెలా ఉన్నారో తెలుస్తుంది. కొన్నాళ్లు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆన్‌లైన్లో ఏముంది, లీవ్ నొక్కితే సరి. మ్యూట్‌లో పెట్టి తాగుతూ వినేవాళ్లూ ఉంటారు (మీ గురించి కాదండి, కోపం తెచ్చుకోకండి). తెలిసినవాళ్లు కనిపిస్తే వాళ్లూ అదే బాధతో వచ్చారనేగా!

హేతువాది:
పాతకాపు గారూ, కథలో సగం మింగేశారు. విల్సన్ ముందు చేసింది హోటల్ లాబీలోంచి ఫోన్లు! చర్చిల జాబితా చూసి ఒక పాస్టర్‌కు ఫోన్ చేస్తే, ఆ వరసలో బాబ్ ఆచూకీ దొరికింది.

నేను మొదట వెళ్లింది గదికే. తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో దేవుడి మాట మళ్లీ మళ్లీ వస్తుంది. "మీకు ఎలా అర్థమైతే ఆ దేవుడే" అని సర్దిచెప్తారు, చివర్లో మాత్రం అందరూ లేచి ప్రార్థన. నావల్ల కాలేదు. దేవుడి ఊసులేని ఏఏ గ్రూపులున్నాయి. 1994 నుంచి స్మార్ట్ రికవరీ కూడా ఉంది. తాగాలన్న తపన వచ్చినప్పుడు ఆలోచనల్ని ఎలా మళ్లించుకోవాలో అక్కడ నేర్పుతారు. మెట్లు లేవు, "నేను ఆల్కహాలిక్‌ని" అని చెప్పుకోవాల్సిన పనీ లేదు. ఇవి నాకు దొరికింది ఆన్‌లైన్లోనే.

నీలిగడప:
గది, గది అంటున్నారు. కొత్తగా వచ్చిన ఆడవాళ్లను ఓదార్చే నెపంతో వెంటపడే పాత సభ్యుల మాటేమిటి? లోపలివాళ్లే దీనికి "పదమూడో మెట్టు" అని పేరు పెట్టి నవ్వుకుంటారు. నాకైతే నవ్వు రాలేదు. ఆడవాళ్లకే జరిగే మీటింగు ఆన్‌లైన్లో దొరికాక ఊపిరి పీల్చుకున్నాను. ఆడవాళ్లకు స్పాన్సర్‌గా, అంటే దారి చూపే పాత సభ్యురాలిగా, ఆడవాళ్లే ఉండాలని ఊరికే అనరు.

పాతకాపు:
అది కాదనను. అలాంటివాణ్ణి గ్రూపే నిలదీయాలి. మొహమాటపడి ఊరుకుంటారు, అదే తప్పు.

వార్డునర్సు:
రుజువుల మాటకొస్తే, 2020 మార్చిలో కోక్రేన్ (వైద్య అధ్యయనాలన్నీ కలిపి తూచి చూసే సంస్థ) సమీక్ష వచ్చింది. 27 అధ్యయనాలు, 10,565 మంది. ఒక పద్ధతి ప్రకారం ఏఏకి అలవాటు చేసే చికిత్స తీసుకున్నవాళ్లలో ఏడాదికి 42 శాతం మంది పూర్తిగా మందుకు దూరంగా ఉన్నారు. ఇతర చికిత్సల్లో 35 శాతం. అయితే కోవిడ్‌లో పెరిగిన ఆన్‌లైన్ మీటింగుల గురించి అది తేల్చిందేమీ లేదు. కాబట్టి గదే మేలనేవాళ్లూ, ఆన్‌లైనే మేలనేవాళ్లూ దాన్ని చూపించి గెలవలేరు.

మీటింగుల కంటే ముందు ఇంకో మాట. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేయకూడదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతిభ్రమ, ఒళ్లంతా వణుకు. ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తపన తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటి మందులున్నాయి, అవి వాడుతూనే మీటింగులకు వెళ్లొచ్చు.

ఎదురుచూపు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. తాగేది మా ఆయన. ఎక్కడికీ రానంటున్నారు. నేనొక్కదాన్నే వెళ్లొచ్చా?

పాతకాపు:
వెళ్లొచ్చమ్మా. ఓపెన్ మీటింగులో ఎవరైనా కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే మానాలనుకునేవాళ్లకే. ఇంట్లోవాళ్ల కోసం 1951 నుంచి అల్-అనాన్ ఉంది. ఆయన చేత మాన్పించే చిట్కాలేవీ అక్కడ చెప్పరు, మీరెలా తట్టుకుని నిలబడాలన్నదే మాట్లాడతారు. ఆయన మానకపోయినా మీరు వెళ్లొచ్చు.

మౌనశ్రోత:
సరే, వెళ్తాననుకోండి. నన్నూ మాట్లాడమంటే?

నీలిగడప:
"ఈరోజు వింటాను" అంటే చాలు, ఎవరూ బలవంతపెట్టరు. అయితే బయల్దేరేముందు అక్కడి నంబరుకు మెసేజ్ పెట్టి, మీటింగ్ ఇంకా జరుగుతోందో లేదో కనుక్కోండి. ఎప్పుడో ఆగిపోయినవి కూడా జాబితాల్లో అలాగే ఉంటాయి. చందా బుట్ట తిరుగుతుంది, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. ఒకచోట నచ్చకపోతే ఇంకోచోటు చూడండి, గ్రూపు గ్రూపుకీ చాలా తేడా ఉంటుంది.

పాతకాపు:
అప్పటిదాకా ఆన్‌లైన్లోనైనా కెమెరా తెరిచి పేరు చెప్పండి. ఒకరి నంబరు అడిగి పెట్టుకోండి, తాగాలనిపించిన రాత్రి ఫోన్ చేయడానికి.

హేతువాది:
కెమెరా ఆయనిష్టం. నంబరు వరకూ ఒప్పుకుంటాను.