గిజిగాళ్ల గూళ్లు, వానల తేదీ: లెక్క ఎలా రాయాలి?

ఈతవనం: నైరుతి వానలు ముందూ వెనకా అవుతున్నాయి కదా, గిజిగాళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా మారుతోందేమో చూడాలనుంది. మొదటి గూడు కనపడిన రోజు రాసుకుంటే చాలా?

చెరువుగట్టు: చాలదండి. మగపిట్ట చాలా గూళ్లు సగంలోనే వదిలేస్తుంది. రింగు, బోర్లించిన టోపీ, కింద గొట్టం: ఈ దశలు విడివిడిగా రాయండి. టోపీ దశలో ఆడపిట్ట వచ్చి చూస్తుంది, నచ్చితేనే మిగతా అల్లిక. గుడ్లు 2 నుంచి 4, పొదిగేది ఆడదే, 14–17 రోజులు. గూడు ముట్టుకోవద్దు. పిల్లల కోసం ముక్కున పురుగుతో వచ్చిన మొదటి రోజు పట్టుకుని సుమారు 18 రోజులు వెనక్కి లెక్కేస్తే గుడ్లు పెట్టిన తేదీ వస్తుంది. రెండు మూడు రోజుల తేడా ఎలాగూ ఉంటుంది.

పొలంగట్టు: వాన తేదీతో పాటు గడ్డి, వరి ఆకు ఎత్తు కూడా రాయండి. గూటికి పీచు ఎక్కువగా అక్కడి నుంచే. వారానికి రెండుసార్లు, అవే చెట్లు. ఒక్క ఏడాది తేడా చూసి వాతావరణ మార్పు అనేయకండి. ఇంగ్లండ్‌లోని వైథమ్ అడవిలో గ్రేట్ టిట్ పిట్టల లెక్క 1947లో మొదలైంది; 1961–2007 మధ్య గుడ్ల తేదీ దాదాపు రెండు వారాలు ముందుకొచ్చింది. అక్కడ నడిపేది వసంతపు వేడి, ఇక్కడ వాన. పద్ధతి తీసుకోండి, కారణం కాదు.

ఈతవనం: గూళ్లకి నంబర్లెలా?

చెరువుగట్టు: ఒకే చోట నిలబడి ఫోటో తీసి, ప్రింటు మీద వేయండి. గాలికి రాలిన గూటి నంబరు మళ్లీ వాడొద్దు.