అప్‌డేట్: వీఆర్‌లో పరమాణువును చూపించడం గురించి అడిగాను కదా

హైడ్రోజన్ పరమాణువులో ఎంత ఖాళీ ఉందో, సైన్సుతో పరిచయం లేనివాళ్లకు, హెడ్‌సెట్ పెట్టుకుని చూసే కంప్యూటర్ లోకం, అంటే వీఆర్‌లో ఎలా చూపించాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ప్రదర్శన అయిపోయింది, బాగానే నడిచింది.

పరమాణువు నట్టనడుమ ఉండే ప్రోటాన్‌ను 1 సెంటీమీటరు వెడల్పుకి పెంచి కాళ్ల దగ్గర పెట్టాం. ఆ లెక్కన ఎలక్ట్రాన్ ఉండే అవకాశం బాగా ఎక్కువున్న దూరం 300 మీటర్ల పైచిలుకే. చిక్కల్లా అక్కడే వచ్చింది. రెండు కళ్ల చూపులో తేడాతో లోతు పసిగట్టడం దగ్గర్లోనే బాగా పనిచేస్తుంది. అంత దూరంలో అన్నీ ఒకే తెర మీద ఉన్నట్టుంటాయి. అందుకే, ఇక్కడ ఒకరు చెప్పినట్టు, దారి పొడవునా మనిషెత్తు బొమ్మలు నిలబెట్టాం. చివరి బొమ్మ చీమంత కనబడేసరికి జనం "అమ్మో, అంత దూరమా!" అన్నారు.

గాల్లో తేలుతూ వెళ్లడం మాత్రం తీసేశాం. కదులుతున్నామని కళ్లు చెబుతాయి, లేదని లోపలి చెవి చెబుతుంది, ఇక కడుపులో తిప్పడమే. ఇప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడి, ఇంకో చోట తెరుచుకుంటుంది.

ఎలక్ట్రాన్‌ను గ్రహంలా తిప్పొద్దన్న సలహా కూడా పాటించి, పలచటి మబ్బులా పెట్టాం. ఒక పెద్దాయన చుట్టూ తల తిప్పి చూసి, "ఇంతకీ ఎలక్ట్రాన్ ఎక్కడమ్మా?" అని అడిగారు. "మీరు దాని లోపలే నిలబడ్డారు తాతగారూ" అన్నాను. హెడ్‌సెట్ తీయకుండా మళ్లీ మొదటి నుంచీ చూశారు.