స్విట్జర్లాండ్, డోలమైట్స్ యాత్రకి రైలా, అద్దె కారా?

విజయవాడ నుంచి ప్రశ్న

నమస్కారమండీ. మే 27న బయల్దేరి జూన్ 8కి తిరిగొచ్చేలా ఆల్ప్స్‌కి వెళ్తున్నాం. 12న బడులు తెరుస్తారు కాబట్టి అంతకంటే జరపడానికి లేదు. నేను, మావారు, అత్తయ్యగారు, పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప. జ్యూరిక్‌లో దిగుతాం, తిరుగు విమానం వెనిస్ నుంచి. ఇంటర్లాకెన్ దగ్గర ఐదు రాత్రులు, జెర్మాట్‌లో రెండు, ఇటలీ డోలమైట్స్ కొండల్లో మూడు, చివర వెనిస్‌లో ఒకటి అనుకున్నాం.

మావారు జ్యూరిక్‌లోనే కారు తీసుకుని వెనిస్‌లో అప్పజెప్పేద్దాం అంటున్నారు. అరకు, శ్రీశైలం ఘాట్లు చాలాసార్లు నడిపారు, ఆయనకి భయం లేదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, స్టేషన్లలో సామాను మోసుకుంటూ తిరగడం కష్టమని ఆయన వాదన. నాకు మాత్రం రైలే నయమనిపిస్తోంది. కానీ టికెట్ల ధరలు చూస్తే గుండె గుభేలుమంటోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

బెర్న్ నుంచి జవాబు

ఇక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటున్నానండీ, మాకూ కారుంది. అయినా ఊరి నుంచి అమ్మానాన్న వస్తే వాళ్లని రైల్లోనే తిప్పుతాను. స్విట్జర్లాండ్ వరకు మీకు కారు వద్దే వద్దు.

ముందు మీ ఊళ్ల సంగతి చూడండి. జెర్మాట్‌లోకి కార్లు రానివ్వరు. ఐదు కిలోమీటర్ల ముందే టేష్‌లో కారు పెట్టి, అద్దె కట్టి, అక్కణ్ణుంచి పన్నెండు నిమిషాలు షటిల్ రైల్లో వెళ్లాలి. అంటే రెండు రోజులు కారు ఊరికే నిలబడి ఉంటుంది, సామాను ఎలాగూ రైలెక్కించాల్సిందే. ఇంటర్లాకెన్ పైనున్న వెంగెన్, మ్యూరెన్ కూడా కార్లు లేని ఊళ్లే. యుంగ్‌ఫ్రౌయోహ్ (3,454 మీటర్లు) మీదికి 1912 నుంచీ రైలే దారి. కారు మిమ్మల్ని కొండ కిందిదాకా తీసుకెళ్తుంది, ఆ పైన ఎవరైనా రైలో కేబుల్ కారో ఎక్కాల్సిందే.

కారు సుఖం నిజంగా తెలిసేది ఫుర్కా, గ్రిమ్సెల్, సుస్టెన్ లాంటి కనుమల్లో. మీరొచ్చే మే చివర, జూన్ మొదట్లో వాటిలో మంచు తీయడం పూర్తికాక దారులు మూసే ఉండొచ్చు. ఇక ఘాట్ అనుభవం గురించి: తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ ఒకే సన్నదారిలో పసుపుపచ్చ పోస్టు బస్సు ఎదురొస్తుంది. నీలం పలక మీద పసుపు బాకా బొమ్మ ఉన్న దారుల్లో ఆ డ్రైవరు వెనక్కి వెళ్లమని సైగ చేస్తే వెళ్లాల్సిందే, అది చట్టం. అదీ రోడ్డుకి కుడివైపు నడిపే అలవాటు లేని మొదటి రోజుల్లో. మీవారి చేతి మీద నాకు అనుమానం లేదు. కానీ ఆయనా ఇంత దూరం కొండలు చూడ్డానికే కదా వచ్చేది? లూసర్న్ నుంచి ఇంటర్లాకెన్‌కి బ్రూనిగ్ కనుమ మీదుగా రెండు గంటల రైలుంది. రంపంలా పళ్లున్న పట్టా పట్టుకుని కొండ ఎక్కుతూ లుంగెర్న్ సరస్సు పక్కగా పోతుంది. ఆయన కిటికీ పక్కన కూర్చుని అది చూడాలని నా కోరిక. జ్యూరిక్ విమానాశ్రయం కిందే స్టేషన్ ఉంది, లూసర్న్ మీదుగానే రండి.

ఖర్చు మాట. మీరు చూసినవి పూర్తి ధరలు అయ్యుంటాయి. స్విస్ ట్రావెల్ పాస్ (కొన్ని రోజులపాటు రైళ్లలో ఎన్నిసార్లైనా తిరగనిచ్చే టికెట్) రోజూ దూరాలు తిరిగేవాళ్లకి లాభం. ఒకచోట ఐదు రాత్రులుండే మీకు నెలరోజులు చెల్లే హాఫ్ ఫేర్ కార్డు నప్పుతుంది. దానితో దాదాపు అన్ని టికెట్లూ సగం ధర. యుంగ్‌ఫ్రౌయోహ్‌కి కూడా సగమే, అదే పాస్ ఉంటే పాతిక శాతమే తగ్గుతుంది. పెద్దవాళ్లు ముగ్గురికీ కార్డులు తీసుకుంటూ, పిల్లలకి స్విస్ ఫ్యామిలీ కార్డు అడగండి, డబ్బు తీసుకోరు. ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలు అమ్మానాన్నల్లో ఒకరు వెంట ఉంటే రైళ్లలో ఉచితం.

అత్తయ్యగారి కోసం బస ఇంటర్లాకెన్ దగ్గరి లౌటర్‌బ్రున్నెన్ ఊళ్లో, స్టేషన్ దగ్గర్లో చూడండి. లోయ అడుగు చదునుగా ఉంటుంది, దాదాపు మూడు వందల మీటర్ల స్టౌబాక్ జలపాతం ఊళ్లోంచే కనిపిస్తుంది. పైన గాలి పలచన కాబట్టి, ఆవిడకి బీపీ, గుండె సమస్యలుంటే యుంగ్‌ఫ్రౌయోహ్ విషయం డాక్టరుని అడిగాకే టికెట్ కొనండి.

మ్యూనిక్ నుంచి జవాబు

అక్క చెప్పినదానికి ఒప్పుకుంటున్నా, కానీ డోలమైట్స్ దగ్గర మాత్రం నేను కారు పక్షం. అక్కడ బస్సులున్నాయి, బాగానే నడుస్తాయి. అయితే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో, ఇద్దరు పిల్లలతో, మూడే రోజుల్లో గార్డెనా, సెల్లా, పోర్డోయి (2,239 మీటర్లు) కనుమలు చూడాలంటే కారే సుఖం. నచ్చినచోట ఆపుకోవచ్చు, ఆవిడ కారులోంచే చూడొచ్చు.

జ్యూరిక్‌లో తీసుకుని వెనిస్‌లో ఇవ్వడం మాత్రం వద్దంటాను. వేరే దేశంలో అప్పజెప్తే వేసే అదనపు రుసుము చాలా ఎక్కువ. ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే ఇచ్చెయ్యండి. జెర్మాట్ నుంచి బ్రిగ్, మిలాన్ మీదుగా రైల్లో వెరోనా చేరండి. బ్రిగ్, మిలాన్ మధ్య సీటు రిజర్వేషన్ తప్పనిసరి. అంత ప్రయాణం చేసి సాయంత్రం స్టీరింగ్ పట్టొద్దు. డోలమైట్స్ మూడు రాత్రుల్లో ఒకటి తగ్గించుకునైనా వెరోనాలో పడుకుని, పొద్దున్నే కారు తీసుకోండి. వెనిస్ విమానాశ్రయంలో ఇచ్చేయండి, వెనిస్ ఊళ్లో ఎలాగూ కార్లు తిరగవు.

ఇటలీ ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని, బండ్లకి ఆంక్షలున్న ప్రాంతం ఉంటుంది. అనుమతి లేని బండి లోపలికెళ్తే కెమెరా పట్టేస్తుంది, జరిమానా ఇంటికొస్తుంది. వెరోనాలో బస ఆ గీత బయట, స్టేషన్ వైపు చూసుకోండి. ఆల్పె దీ సియూసీ మైదానానికి ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా బయటి కార్లని వదలరు, ఓర్టిసేయి నుంచి కేబుల్ కారులో వెళ్లండి. జూన్ మొదటి వారంలో కొన్ని కేబుల్ కార్లు ఇంకా మొదలు కావు. బస బుక్ చేసేముందే ఏది ఏ తేదీకి తెరుస్తారో చూసుకోండి.

హైదరాబాద్ నుంచి జవాబు

నిరుడు మేం పడిన పాట్లు మీకు రాకూడదని రాస్తున్నా. ఆటోమేటిక్ కారు బుక్ చేశాం, కౌంటర్లో గేర్లున్న బండి ఇస్తామన్నారు. మావాడు కుడిచేత్తో గేరు వేయడం ఎన్నడూ ఎరగడు. రెండు గంటలు బతిమాలితే వేరే బండి దొరికింది. డిపాజిట్‌కి డెబిట్ కార్డు ఒప్పుకోలేదు, నడిపే మనిషి పేరున్న క్రెడిట్ కార్డే కావాలన్నారు. ఇంటికొచ్చిన రెండు నెలలకి వేగం మీరినందుకు జరిమానా వచ్చింది, దాని మీద అద్దె కంపెనీ తన రుసుము కూడా వేసుకుంది.

ఇంకోటి, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడ ఆర్టీఓలోనే తీసుకోవాలి, అక్కడికెళ్లాక దొరకదు. ఇటలీలో అది తప్పనిసరి. ఐదుగురికి ఐదు సీట్ల కారు చాలుతుంది గానీ ఐదుగురి పెట్టెలకి చాలదు. పెద్ద డిక్కీ ఉన్నది అడగండి, పిల్లల సీట్లు ముందే చెప్పండి.

విజయవాడ నుంచి

అందరికీ చాలా థాంక్సండీ. మావారికి చదివి వినిపించాను. టేష్ సంగతి విని కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఇటలీలో మూడు రోజులు తను నడిపేట్టు ఒప్పుకున్నారు. పర్మిట్‌కి రేపే వెళ్తున్నారు. ఒక్క సందేహం మిగిలింది. కొన్నిచోట్ల రైలు మారడానికి ఆరు నిమిషాలే చూపిస్తోంది. అత్తయ్యగారితో అందుకోగలమా?

బెర్న్ నుంచి జవాబు

పరుగెత్తకండి. స్విస్ లోపల మామూలు టికెట్ ఫలానా రైలుకని కట్టేసి ఉండదు, తప్పిపోతే వెనకాలే అరగంటకో గంటకో ఇంకోటి వస్తుంది. స్విస్ రైల్వే వాళ్ల ఎస్‌బీబీ యాప్‌లో ప్లాట్‌ఫారం నంబరుతో పాటు ఏ బీ సీ డీ అని బోగీ ఆగే చోటు కూడా చూపిస్తుంది, ముందే అక్కడ నిలబడండి. పెద్ద స్టేషన్లలో లిఫ్టులు, వాలుదారులు ఉంటాయి. పెద్ద పెట్టెలు రెండు కాకుండా చిన్నవి నాలుగు తెచ్చుకుంటే బాబు కూడా ఒకటి లాగుతాడు.

ఒకచోట మాత్రం జాగ్రత్త. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్లో మీరెక్కే రైలు ట్స్‌వైల్యూట్షినెన్ దగ్గర రెండుగా విడిపోతుంది, సగం గ్రిండెల్వాల్డ్‌కి, సగం లౌటర్‌బ్రున్నెన్‌కి. ఎక్కేముందు బోగీ మీద రాసిన ఊరు చదవండి. ఐదుగురూ ఒకే సగంలో ఉన్నారో లేదో మళ్లీ చూసుకోండి.