కొత్త సంఘానికి శని, ఆదివారాలు: ఊరికి ఎలా ఉపయోగపడాలి?

ప్రశ్న (రాజోలు ప్రాంతం, సంఘ కార్యదర్శి)

ప్రభువు నామమున అందరికీ వందనాలు. కాలవ గట్టు పక్కన అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో మా సంఘం ఆరాధన మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు ముప్పై అయిదు కుటుంబాలు వస్తున్నాయి. వీరిలో ఎక్కువమంది కొబ్బరికాయల దింపు, ఒలుపు పనులకు, వరి చేలకు, రొయ్యల చెరువుల మీదకు వెళ్లేవారే. కొన్ని ఇళ్లలో తల్లులు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లడం వల్ల పిల్లలు అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర పెరుగుతున్నారు.

శనివారం సాయంత్రం యవ్వనస్థుల కూటం, ఆదివారం ఉదయం సండే స్కూలు, తరువాత ఆరాధన, మధ్యాహ్నం ప్రేమవిందు, చీకటి పడ్డాక ఇళ్లలో కుటుంబ ప్రార్థన జరుగుతున్నాయి. వీటికి తోడుగా వైద్య శిబిరం, పిల్లలకు ఉచిత ట్యూషన్, పేదలకు బియ్యం పంపిణీ కూడా మొదలుపెడదామని పాస్టర్ గారు అంటున్నారు. ఆయన మనసు మంచిదే, నాకూ అదే కోరిక. అయితే ఊళ్లో కొందరు మనం చేసే సాయాన్ని మతమార్పిడికి ఎరగా చూస్తారేమోనని ఒకవైపు, వారమంతా కష్టపడిన మా వాళ్లకు ఉన్న ఒక్క రోజునూ మేమే తీసేసుకుంటున్నామేమోనని మరోవైపు భయంగా ఉంది. ఏది ముందు మొదలుపెట్టాలి, ఏది మానుకోవాలి? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

జవాబు 1 (పాలకొల్లు, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అయ్యా, వందనాలు. మన డెల్టాలో సంఘాలు ఎలా వేళ్లూనుకున్నాయో ఒక్కసారి గుర్తు చేసుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీతో కలిసి ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ పెద్ద చదువులు చదివిన పండితులు కారు. ఒకరు రాతిపని చేసేవారు, మరొకరు చెప్పులు కుట్టేవారు. భార్యలతో సహా వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో కాపురం పెట్టి, తెలుగు నేర్చుకుని, జనం మధ్యనే బతికారు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన కూలీల మధ్యకు బౌడెన్ వెళ్లారు. ఇది మిమ్మల్ని మరొకరితో పోల్చడానికి చెప్పడం లేదు. జనం కష్టం ఎక్కడ ఉందో అక్కడికి మనం వెళ్లాలే తప్ప, మన షెడ్డు దగ్గరికి వాళ్లను రప్పించుకోవడానికి సాయాన్ని వాడకూడదన్నదే నా ఉద్దేశం.

కాబట్టి ముందు ఊరి సంవత్సరాన్ని చూడండి. సార్వా కోతల్లోనూ దాళ్వా కోతల్లోనూ కొత్త కార్యక్రమం ఏదీ పెట్టకండి, ఎవరూ రాలేరు. వేసవిలో కాలవలు కట్టేశాక మన ఊళ్లలో తాగునీటికి ఎంత ఇబ్బందో మీకు తెలుసు. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. ఆ నెలన్నర పాటు బస్సు ఆగే చోట ఒక చలివేంద్రం పెట్టి, ఉదయం నుంచి సాయంత్రం వరకు కుండలు ఖాళీ కాకుండా వంతులవారీగా చూసుకుంటే, అది ముప్పై అయిదు కుటుంబాలకు తగిన పని. కరపత్రాలు అక్కడ పెట్టవద్దు. దాహంతో వచ్చినవాడికి నీళ్లే ఇవ్వండి.

వరదల సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, పదమూడు లక్షలకు రెండోది, పదిహేడు లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జూలై వరద లంక గ్రామాల వారు ఎవరూ మరచిపోలేదు. మీకు దగ్గరలోని లంకలో మంచానపడ్డ వృద్ధులు, నిండు గర్భిణులు ఏయే ఇళ్లలో ఉన్నారో ముందే తెలుసుకుని, మొదటి హెచ్చరిక నాటికే వారిని గట్టు దాటించడానికి మీ యువకులు సిద్ధంగా ఉంటే, పంచాయతీ వారు కూడా మిమ్మల్ని పిలుస్తారు. ఈ పనిలో ఏ మతం ఇల్లు అన్న లెక్క ఉండకూడదు.

జవాబు 2 (అమలాపురం, స్త్రీల సమాజంలో పనిచేసే సోదరి)

వందనాలండి. ప్రేమవిందు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేనే మాట్లాడతాను. ప్రతి ఆదివారం యాభై అరవై మందికి వంట అంటే, తెల్లవారకముందే లేచి ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్లు ఆరాధనలో సగం పొయ్యి దగ్గరే గడుపుతారు. మా సంఘంలో నాలుగేళ్లు ఇలాగే జరిగింది. ఒకనాడు ఒక పెద్దావిడ, తాను వాక్యం పూర్తిగా విని ఎన్నాళ్లయిందో లెక్క చెప్పినప్పుడు మాకందరికీ కన్నీళ్లు వచ్చాయి. అప్పటి నుంచి నెలకు ఒక్కసారే, బల్ల ఆరాధన, అంటే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన, జరిగే ఆదివారం విందు పెడుతున్నాము. ఆ రోజు వడ్డన, గిన్నెలు తోమడం మగవారి పని.

ట్యూషన్ మాత్రం తప్పక పెట్టండి. తల్లి గల్ఫ్‌లో ఉన్న పిల్లవాడికి హోంవర్కు చూసే మనిషి ఇంట్లో ఉండరు. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు లెక్కలు, ఇంగ్లీషు చెప్పించండి. అందులో ప్రార్థన, పాటలు కలపవద్దు, వాటికి సండే స్కూలు ఉంది. గుర్తింపు పొందిన పాఠశాలల్లో మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మన ట్యూషన్ పాఠశాల కాకపోయినా ఆ న్యాయం మనకూ వర్తించాలని నా నమ్మకం. పెంచుతున్న పెద్దల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండేలా చూడండి.

ఇంకొక్క మాట. బియ్యం తీసుకునేవారిని వరసగా నిలబెట్టి ఫొటోలు తీయవద్దు. ఇది అవమానం. అంతేకాక, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. మీ షెడ్డులో కూర్చుని దిగిన ఒక ఫొటో, ఒక్కసారి ప్రార్థన వినడానికి వచ్చిన మనిషికి కూడా రేపు సర్టిఫికెట్ దగ్గర చిక్కు తెచ్చిపెట్టవచ్చు. ఎవరి విశ్వాసం గురించి వారే చెప్పుకోవాలి, మన ఫేస్‌బుక్ పేజీ చెప్పకూడదు.

జవాబు 3 (అదే ప్రాంతంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్టాఫ్ నర్సు)

వైద్య శిబిరం ఒక్కరోజు పెట్టి ఊరుకుంటే ఉపయోగం తక్కువ. షుగరు, బీపీ ఉన్నాయని తెలిసినవారు రోజూ మాత్ర వేసుకోవాలి, నెలనెలా చూపించుకోవాలి. శిబిరంలో గుర్తించినవారిని మా దగ్గరికి తీసుకురండి. మాత్రలు ఉచితంగా ఇస్తాము. నడవలేని ముసలివారిని నెలకొకసారి ఆటోలో తీసుకొచ్చే బాధ్యత మీ యవ్వనస్థులు తీసుకుంటే, పది శిబిరాలకన్నా అది మేలు.

జవాబు 4 (మామిడికుదురు వైపు, రైతు)

నేను క్రైస్తవుణ్ని కాను, అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. మా ఊళ్లో కొత్తగా వచ్చిన చర్చిపై ఎవరికీ కోపం లేదు, బయటికి కట్టిన మైకు మీదే ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు పెట్టకూడదన్న నిబంధన గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా ఒకటే. మా గుడిలో ధనుర్మాసం పాటల గురించి మా అబ్బాయే ఇదే మాట అంటాడు. పరీక్షల రోజుల్లో మైకు తగ్గించి, పక్క ఇంటివారిని ఒక్కసారి వెళ్లి అడిగి చూడండి.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు ప్రింటు తీసి పాస్టర్ గారికి, స్త్రీల సమాజం పెద్దలకు ఇచ్చాను. బియ్యం పంపిణీ ప్రస్తుతానికి ఆపాము. ప్రేమవిందు ఇకపై నెలకొకసారే. లెక్కలు చెప్పడానికి డిగ్రీ చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు ముందుకు వచ్చారు. వారిలో ఒకరు మా సంఘం వారు కారు, పక్క వీధి కరణం గారి మనవరాలు. లంకలో ఇళ్ల లెక్క రాసుకోవడానికి వచ్చే శనివారం పడవ మాట్లాడాము. రైతు గారు చెప్పిన తరువాత మొన్న ఆదివారమే బయటి మైకు విప్పి లోపల పెట్టాము. ఆ సాయంత్రం ఎదురింటి ఆయన గుమ్మంలో నిలబడి, మా పాప పదో తరగతి అండి, శనివారం తనూ రావచ్చా అని అడిగారు.