నెలకు 15 వేలు పోసి గూగుల్‌లో పైకెక్కడం చిన్న కొట్టుకు అవసరమా?

నేతకొట్టు_అబ్బాయి:
మాది మంగళగిరిలో చేనేత చీరల కొట్టు. కొట్టు నాన్న పెట్టాడు, వెబ్‌సైటు నేను పెట్టాను. ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి ఎస్ఈఓ చేస్తాం, అంటే గూగుల్‌లో వెతికితే మీ సైటు పైన కనబడేలా చేస్తాం, నెలకు 15 వేలు, 6 నెలల అగ్రిమెంటు, గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అంటున్నారు. మొత్తం 90 వేలు. నాన్నేమో "ఆ డబ్బుతో దసరాకి సరుకు దింపుకోవచ్చు కదరా" అంటున్నాడు. నిజంగా పనికొచ్చేదేనా? చేయించుకున్నవాళ్లు చెప్పండి.

బెజవాడ_రిపేర్లు:
తమ్ముడూ, గ్యారంటీ అన్న మాట వినగానే ఫోన్ పెట్టెయ్. నాది ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్ల రిపేరు షాపు. 8 నెలలు కట్టాను. ప్రతి నెలా రంగురంగుల పీడీఎఫ్ వచ్చేది, దాన్నిండా పైకి చూసే ఆకుపచ్చ బాణాలే. చివరికి మా మేనల్లుడు చూసి, "మామయ్యా, నువ్వు ఫస్టొచ్చింది ఏ మాటకో చూశావా? మీ షాపు పేరుకే!" అన్నాడు. నా పేరు కొడితే నేను కాక పక్కింటాయన వస్తాడా? సరే మానేద్దామంటే ఇంకోటి బయటపడింది. డొమైన్, అదే వెబ్‌సైటు అడ్రసు, వాళ్ల పేరు మీద కొన్నారు. నా వెబ్‌సైటు కోసం నేనే వాళ్ల చుట్టూ తిరిగాను.

అక్షరాల_కూలీ:
నేను ఈ పని చేసుకునే బతుకుతున్నా, కాబట్టి నా మాట కొంత తగ్గించుకునే వినండి. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. ఫలితం కనబడాలంటే మామూలుగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందన్నదీ వాళ్లే. అంటే ఆ 6 నెలల అగ్రిమెంటు ఫలితం రాకముందే అయిపోవచ్చు కూడా.

కానీ రిపేరు అన్న షాపూ చీరల కొట్టూ ఒకటి కాదు. ఫ్రిజ్ పాడైనవాళ్లు దగ్గర్లో ఎవరున్నారా అని వెతుకుతారు. అక్కడ గూగుల్ మ్యాప్స్ చూసేవి మూడు: అడిగినదానికి మీ పని సరిపోతుందా, ఎంత దూరంలో ఉన్నారు, జనంలో ఎంత పేరుంది. దూరాన్ని ఏ ఏజెన్సీ తగ్గించలేదు. మ్యాప్స్‌లో షాపు పేరూ నంబరూ కనబడే బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, ఓ ఆదివారం కూర్చుంటే అయ్యే పని. దానికి నెలనెలా జీతం దండగ.

మంగళగిరి చీర సంగతి వేరు. డాలస్‌లో ఉన్నావిడ పేరు పెట్టి మరీ వెతుకుతుంది: మంగళగిరి కాటన్ నిజాం బోర్డర్ అని, ఇంగ్లిష్ అక్షరాల్లో. అక్కడ మ్యాపుతో పని లేదు, పేజీ ఉండాలి. తమ్ముడూ, నీ సైటులో చీర పేరూ ధరా ఫోటో మీదే పోస్టర్‌లా అచ్చేశావా? చాలా కొట్లవాళ్లు చేసేది అదే. అక్షరాలు పేజీలో ఉండాలి. నూలు సన్నదనం 80 కౌంటా ఇంకోటా, గుంటమగ్గం మీద నేసిందా, అంచు జరీ ఎలాంటిది... ఇవి ఏజెన్సీ కుర్రాడికేం తెలుసు? మీ నాన్న చెబుతుంటే నువ్వు రాయాలి.

గుంటూరు_పచ్చళ్లక్క:
వినడానికి బాగుంది గానీ, చేనేత చీర చాలాసార్లు ఒక్క పీసే ఉంటుంది బాబూ. పేజీ రాసి, గూగుల్ దాన్ని చూసి, ఎవరో వెతుక్కుంటూ వచ్చేసరికి ఆ చీర ఎవరి పెళ్లిలోనో తిరుగుతూ ఉంటుంది. నేను పచ్చళ్లన్నీ వాట్సాప్ స్టేటస్ మీదే అమ్ముతా. మే నెలలో కొత్తావకాయ జాడీ మూత తీసి, గరిటెతో ఒక్కసారి కలిపి వీడియో పెడితే సాయంత్రానికి ఆర్డర్లు. ఆ నూనె తేలడం చూసి కొంటారు, నా రాత చూసి కాదు. పైగా ఇప్పుడు గూగుల్ లింకులకు పైనే ఏఐ జవాబు రాసేస్తోంది. కింద మన దాకా దిగేదెవరు?

బెజవాడ_రిపేర్లు:
అక్కా, నీ నంబరే లేనివాళ్లు నీ స్టేటస్ ఎలా చూస్తారు? ఏజెన్సీని మానేశాక నేను మ్యాప్స్ ఒక్కటే చూసుకుంటున్నా, కొత్త ఫోన్లు ఎక్కువ అక్కణ్ణుంచే. 5 స్టార్లు ఇస్తే 100 తగ్గిస్తానంటున్నా, రివ్యూలు బాగానే పడుతున్నాయి.

అక్షరాల_కూలీ:
అన్నా, అది ఇవాళే ఆపు. డబ్బో డిస్కౌంటో ఇచ్చి రివ్యూ రాయించడం గూగుల్ నియమాలకు విరుద్ధం, పట్టుకుంటే రివ్యూలు తీసేస్తారు. షాపు పేరుకు తోకగా "బెస్ట్ ఫ్రిజ్ రిపేర్ విజయవాడ" అని తగిలించడమూ అంతే. బోర్డు మీదున్న పేరే పెట్టాలి.

అక్కా, ఒక్క పీసు మాట నిజం. అందుకే పేజీ పీసుకు కాదు, రకానికి రాయాలి. నిజాం బోర్డర్ కాటన్‌కు ఒకే పేజీ, ఏళ్ల తరబడి అదే లింకు, అందులో చీరలు మారుతుంటాయి. ఏఐ దెబ్బ కూడా కాదనను. "చేనేత చీర ఎలా ఉతకాలి" లాంటి పేజీలకు వచ్చేవాళ్లు తగ్గుతారు. కొనాలనుకున్నవాళ్లు మాత్రం ఏదో ఒక కొట్లోకి అడుగు పెట్టాల్సిందేగా.

గుంటూరు_పచ్చళ్లక్క:
కొత్తవాళ్లా? ఒక సీసా తిన్నావిడ పదిమందికి చెబుతుంది. నాకే 15 వేలుంటే పాత కస్టమర్లకి తలో చిన్న సీసా గోంగూర పంపుతా.

నేతకొట్టు_అబ్బాయి:
మీరన్నారని మ్యాప్స్ తీసి చూశా. సిగ్గేసింది. పిన్ను మా వీధిలో లేదు, వెనక సందులో ఓ గోడౌన్ మీదుంది. నంబరు నాన్న ఎప్పుడో పారేసిన సిమ్‌ది. మంగళవారం సెలవని ఉంది, ఎవరు పెట్టారో గానీ మేం ఏ వారమూ మూయం. "గుడికొచ్చినోళ్లు కొందరు ఆ సందులో తిరుగుతుంటే చూశాన్రా" అని నాన్న ఇప్పుడు చెబుతున్నాడు! అన్నీ సరిచేశా. వెరిఫికేషన్‌కి వీడియో అడిగితే వీధి మలుపు నుంచి బోర్డు దాకా నడుస్తూ తీసి పంపా.

ఏజెన్సీకి రెండే అడిగా: డొమైన్, లాగిన్లు నా పేరు మీదే ఉంటాయా, ఆ గ్యారంటీ అగ్రిమెంటులో రాస్తారా అని. టిక్కులు నీలంగా మారాయి, జవాబు లేదు. నిజాం బోర్డర్ పేజీ ఈ వారం నేనే మొదలుపెడతా. అక్కా, మీతో మాత్రం ఇంకా ఒప్పుకోను.

గుంటూరు_పచ్చళ్లక్క:
ఒప్పుకోకులే. నిజాం బోర్డర్‌లో చిలకపచ్చ ఉందా? నీకు మెసేజ్‌లో నా నంబరు పెట్టా, వాట్సాప్‌లో ఫోటో పంపు.