‘శివ’లో ఆ కెమెరా, ఆ సౌండ్: చిన్న బడ్జెట్‌లో ఎంతవరకు వస్తాయి?

రీలుబండి:

దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ (ఆర్జీవీ) మీద చర్చ ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఆయన ట్వీట్ల దగ్గరే తేలుతుంది. దయచేసి ఇక్కడ అది వద్దు. పని గురించి మూడు సందేహాలు.

ఒకటి, ‘శివ’ (1989)లో మనిషి వెంటే జారుతున్నట్టు పోయే స్టెడీకామ్ షాట్లు. ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సరున్న) కెమెరా, 18 ఎంఎం లెన్సు, అద్దె గింబల్ (మోటార్లతో కెమెరాని నిలకడగా ఉంచే పిడి)తో ఆ జారుడు వస్తుందా? రెండు, సైకిల్ చైను తెంపే సీను. ఇనుము కింద పడేసి రికార్డు చేస్తే గిన్నెలు తోమిన చప్పుడే వస్తోంది, ఎందుకు? మూడు, ఆర్జీవీ ఫిల్మ్ స్కూలు మొహం చూడకుండా క్యాసెట్లు చూసి నేర్చుకున్న మనిషి కదా. ఆయన సినిమాలు ఏ వరసలో చూస్తే పని తెలుస్తుంది?

ఫోకస్‌బాబు:

మొదటిదానికి నేను. గింబల్, స్టెడీకామ్ ఒకటి కావు. తేడా తెలియకపోతే ఎంత ఖరీదైన గింబల్ తెచ్చినా ఫలితం ఉండదు.

గారెట్ బ్రౌన్ 1970లలో తయారుచేసిన స్టెడీకామ్‌లో మోటార్లు లేవు. ఒంటికి తొడుక్కునే వెస్టు, దానికి తగిలించిన స్ప్రింగుల చెయ్యి, ఆ చెయ్యి మోసే నిలువు కడ్డీ. కడ్డీకి పైన కెమెరా, కింద మానిటరూ బ్యాటరీ. పైబరువుకి కిందిబరువు సరితూగి, కింది వైపు ఒక పిసరు ఎక్కువ ఉండాలి. కడ్డీని అడ్డంగా పట్టుకుని వదిలితే నిలువుకి రావడానికి 2 నుంచి 3 సెకన్లు పట్టాలి. వెంటనే వచ్చేస్తే కింద బరువు ఎక్కువైనట్టు. అప్పుడు నడక మొదలెట్టినా ఆపినా కెమెరా లోలకంలా ఊగుతుంది.

గింబల్ మోటార్లు వంపుని, తిరుగుడుని ఆపుతాయి. అడుగు పడ్డప్పుడు వచ్చే పైకీ కిందకీ ఎగుడుదిగుడుని మాత్రం ఆపలేవు. స్టెడీకామ్‌లో దాన్ని మింగేది ఆ స్ప్రింగు చెయ్యే. మీకది లేదు కాబట్టి ఆ పని మీ మోకాళ్ళు చెయ్యాలి. కొంచెం వంచి ఉంచండి, మడమ ముందు, వేళ్ళు తర్వాత. రెండు చేతులతో పట్టుకుని మోచేతులు ఒంటికి అంటించకుండా వదులుగా ఉంచండి.

బ్యాలెన్సు మోటార్లు ఆన్ చెయ్యకముందే. ముందు టిల్ట్ (పైకీ కిందకీ వంగడం), తర్వాత రోల్ (పక్కకి ఒరగడం), చివర్న పాన్ (కుడి ఎడమలకి తిరగడం). వదిలేస్తే కెమెరా ఏ కోణంలో ఉన్నా అక్కడే నిలవాలి. లెన్సు టోపీ తీసి, మెమరీ కార్డు, బ్యాటరీ పెట్టాకే ఇదంతా. టోపీతో తూచి షాటుకి ముందు తీసేస్తే మోటార్లు గుయ్యిమంటూ వణుకుతాయి, ఆ వణుకు ఫుటేజీలో సన్నగా కనిపిస్తుంది.

ఫోకస్‌కి ఆటో నమ్మొద్దు, ఎవరైనా అడ్డొస్తే వాళ్ళ మీదకి దూకుతుంది. 18 ఎంఎం దగ్గర లెన్సు రంధ్రం (అపర్చరు) ఎఫ్ 5.6 పెట్టి, ఫోకస్ దూరం 3 మీటర్ల దగ్గర కట్టెయ్యండి. సుమారు ఒకటిన్నర మీటరు నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. ఇక నటుడు మరీ మీద పడకుండా చూసుకోవడమే.

ఇంకోటి. ఆ సినిమాకి కెమెరా ఎస్. గోపాల్ రెడ్డి గారు. అందులో జారే షాట్లు ఎంత గుర్తున్నా, వాటి పక్కన కదలని షాట్లు ఉండబట్టే అవి గుర్తున్నాయి. మీ సినిమా మొత్తం తేలుతూ ఉంటే ఏదీ తేలినట్టు అనిపించదు.

మోనోమిక్స్:

గిన్నెల చప్పుడు ఎందుకొస్తోందంటే, మీరు రికార్డు చేసింది గదిని. నున్నటి గోడలు, గచ్చు, మైకు రెండు మూడు అడుగుల దూరంలో. కీచుగా ఉండే శబ్దాలు గోడకి కొట్టుకుని తిరిగొస్తాయి. నేల మీద బొంత పరవండి, వెనక దుప్పట్లు వేలాడదియ్యండి, మైకు జానెడు దూరంలోకి తెండి. రికార్డరు సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్; పీకులు, అంటే శబ్దం అత్యధికంగా లేచే చోట్లు, మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర.

చైనుకి ఒక్క శబ్దం సరిపోదు, కనీసం నాలుగు పొరలు కావాలి. పళ్ళచక్రం మీంచి లాగినప్పటి కరకర, తెగేచోట ఒక్క బలమైన టక్, పిడికిలికి చుట్టుకునేటప్పుడు లింకుల జలజల, గుడ్డ రాపిడి. చైను పాతదైతే మంచిది. కొత్తదానికి నూనె ఎక్కువ, మూగగా ఉంటుంది. ఆ టక్ కింద బరువు కోసం చెక్కబల్ల మీద బలంగా కొట్టిన దెబ్బ ఒకటి సన్నగా కలపండి. అది విడిగా వినబడకూడదు, తీసేస్తే మాత్రం లోటు తెలియాలి.

అన్నిటికంటే ముఖ్యం దెబ్బకి ముందు ఖాళీ. ‘శివ’ రోజుల నాటి ఫైట్లలో ప్రతి గుద్దుకీ ఒకే ఢిషుం, వెనకాల ఆగని వాయిద్యాలు. చైను సీనులో ప్రేక్షకుడి గుండె ఆగేది తెగినప్పుడు కాదు, చెయ్యి చైను మీద పడ్డాక గడిచే ఆ రెండు క్షణాల్లో. అక్కడ మ్యూజిక్ వెయ్యొద్దు. అలాగని శుద్ధ నిశ్శబ్దం కూడా వద్దు, సౌండు పోయిందనుకుంటారు. లొకేషన్‌లోనే అందర్నీ నోరు మూసుకోమని ఒక నిమిషం ఆ చోటి ఖాళీ శబ్దం రికార్డు చేసి తెండి, ఆ రెండు క్షణాల కింద అది పరవండి.

సింకు (బొమ్మకీ శబ్దానికీ పొందిక) విషయంలో, దెబ్బ శబ్దం బొమ్మ కంటే ముందు పడితే వెంటనే పట్టుబడుతుంది. ఒక ఫ్రేము వెనకైతే ఎవరికీ తెలియదు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన ఒక ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు, ఆ వ్యవధిలో శబ్దం గాల్లో 14 మీటర్లు పోతుంది. కాబట్టి లాంగ్ షాట్‌లో కొద్దిగా వెనకపడటమే సహజం.

సెకండ్‌షో సుబ్బయ్య:

వరస సంగతి. ఆర్జీవీ విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, అమీర్‌పేటలో వీడియో షాపు నడిపిన మనిషి. తెగ చూడటం గొప్ప కాదు, చూసినదాన్ని ఎలా విప్పాడన్నదే పాఠం. ‘శివ’ అస్థిపంజరం బ్రూస్ లీ ‘రిటర్న్ ఆఫ్ ది డ్రాగన్’దని ఆయనే చెప్పుకున్నారు. అక్కడ రౌడీలు పట్టిపీడించే రెస్టారెంటు, ఇక్కడ కాలేజీ. ఎముకలు అరువు, రక్తమాంసాలు బెజవాడవి. అందుకే ఎవరికీ అరువు అనిపించలేదు. ‘సర్కార్’ (2005) మొదట్లోనే ‘గాడ్‌ఫాదర్’కి నివాళి అని కార్డు వేసేశారు, అదో తెగింపు.

నా వరస: ‘శివ’, ‘క్షణ క్షణం’ (1991), ‘సత్య’ (1998), ‘కౌన్’ (1999), ‘కంపెనీ’ (2002). ‘శివ’లో రఘువరన్ వేసిన విలన్ భవానీని గమనించండి. అతను గొంతు పెంచడు, భయం మొత్తం పక్కవాళ్ళ మొహాల్లో ఉంటుంది. ‘సత్య’లో ఇంటికెళ్ళి పెళ్ళాంతో గొడవపడే గ్యాంగ్‌స్టర్‌ని చూడండి. అప్పటిదాకా మన తెర మీద ఎక్కువగా డాన్‌కి ఇల్లు ఉండేది కాదు, డెన్ ఉండేది. ఆ గ్యాంగ్‌స్టర్ భీకూ చావు ఏ హెచ్చరికా లేకుండా వచ్చేస్తుంది. ఇంటి గొడవ, చావు, ఆ రెండుచోట్లా ఆపి, షాట్లు లెక్కపెట్టి, కాగితం మీద రాయండి. చిన్న బడ్జెట్‌వాళ్ళకి ‘కౌన్’ మరీ ముఖ్యం. ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, పాటలు లేవు.

ఇక ఆర్జీవీ ప్రభావం అంటారా, ఆయనతో పనిచేసిన మనుషుల్ని చూస్తే చాలు. ‘మనీ’ (1993) శివనాగేశ్వరరావు, ‘గులాబి’ (1995) కృష్ణవంశీ, ఆర్జీవీ ‘రాత్రి’కి కెమెరా పట్టి తర్వాత దర్శకుడైన తేజ, ఆయన దగ్గరే పని నేర్చుకున్న పూరీ జగన్నాథ్. హిందీలో ‘సత్య’ రచయితల్లో ఒకరు అనురాగ్ కశ్యప్. శ్రీరామ్ రాఘవన్ మొదటి సినిమా ‘ఏక్ హసీనా థీ’ (2004)కి నిర్మాత ఈయనే.

క్లాప్‌కోటి:

సుబ్బయ్య గారూ, ‘దొంగల ముఠా’ (2011) వదిలేశారు. ఆర్జీవీ దాన్ని 5 రోజుల్లో, కెనన్ 5డీ అనే చిన్న ఫోటో కెమెరాతో తీశారు. చిన్న బడ్జెట్‌వాళ్ళు చూడాల్సింది అదే కదా?

సెకండ్‌షో సుబ్బయ్య:

చూడాలి, ఏం చెయ్యకూడదో తెలియడానికి. తక్కువమందితో వేగంగా తియ్యొచ్చని రుజువు చేసిన మాట నిజం. కానీ కెమెరా చిన్నదయ్యేసరికి అది ఎక్కడ పడితే అక్కడ దూరింది. ‘శివ’లో కోణానికి కారణం ఉండేది: ఎవరు ఎవర్ని చూస్తున్నారు, ఎవరు ఎవరికి కనపడకూడదు. తర్వాత్తర్వాత టీ గ్లాసు వెనక నుంచి, కాళ్ళ సందు నుంచి చూసే కెమెరాకి ఆ కారణం పోయింది. షాటుకి ముందు ‘ఇది ఎవరి చూపు?’ అని అడగండి. జవాబు లేకపోతే కెమెరా కంటి ఎత్తుకి దించెయ్యండి.

రీలుబండి:

అందరికీ థ్యాంక్స్. దుప్పట్లు కట్టాక చైను కుదిరింది, గింబల్ కూడా దారికొచ్చింది. ఒకటే మిగిలింది. కాలేజీ వరండాలో ట్యూబులైట్ల కింద ఫుటేజీలో చారలు పాకుతున్నాయి. సెకనుకి 24 ఫ్రేములు, షట్టరు సెకనులో 1/60 వంతు.

ఫోకస్‌బాబు:

షట్టరే కారణం. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత చోకు ట్యూబులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/60 దానికి కలవదు. 1/50 పెట్టండి, 24 ఫ్రేములకైనా సరే. షట్టరుని సెకన్లలో కాకుండా కోణంలో అడిగే కెమెరా అయితే 172.8 డిగ్రీలు. వెలుగు ఎక్కువైతే షట్టరు పెంచకుండా ఎన్డీ ఫిల్టరు (లెన్సు ముందు పెట్టి వెలుగు తగ్గించే నల్లటి అద్దం) వెయ్యండి. డిమ్మరు ఉన్న చవక ఎల్ఈడీల లెక్క వేరు. వాటి కింద ముందురోజే పది సెకన్లు తీసి, ఫోన్లో కాకుండా పెద్ద తెర మీద చూసుకోండి.