అప్‌డేట్: వాంట్, క్రేవ్, లాంగ్, కావెట్ ముడి వీడింది

"అమ్మ చేతి ముద్దపప్పు తినాలనుంది", "ఊరు చూడాలనుంది", "పక్కింటివాళ్ల స్థలం మీద ఆశపడుతున్నాడు". ఈ మూడింటికీ ఇంగ్లీషులో వాంట్ సరిపోతుందా, డిజైర్ వాడాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

కోరిక ఎంత గట్టిదని కాకుండా ఏ రకందో చూడమన్న సలహా పనిచేసింది. నాలుక పీకేస్తుంటే క్రేవ్. దూరమైనదాని మీద బెంగయితే లాంగ్ ఫర్. యర్న్ కూడా దాదాపు అదే, కాస్త కవిత్వం పాలు ఎక్కువ. ఎదుటివాడి సొత్తు మీద కన్నేస్తే కావెట్, దాని వెనక ఫర్ రాదు.

అసలు చిక్కు "ఆశ" దగ్గరే. నిర్గమకాండం 20:17లో కావెట్ ఉన్నచోట తెలుగు బైబిల్లో "ఆశింపకూడదు" అని ఉంటుంది. ఇప్పటి వాడుకలో ఆశించడమంటే మంచి జరగాలని ఎదురుచూడటం. అందుకే నా ఇంగ్లీషులో మూడో వాక్యం హోప్ అయి కూర్చుంది, అర్థమే తిరగబడింది.

విష్ సంగతి వేరు. "ఐ విష్ ఐ కెన్ కమ్" తప్పు, కుడ్ రావాలి. రాలేనన్న మాట అందులోనే ఉంది. రావడం కుదిరేలా ఉంటే "ఐ హోప్ ఐ కెన్ కమ్".

డిజైర్ మాత్రం అక్కరకు రాలేదు: తిండి విషయంలో మరీ బరువుగా వినిపిస్తుంది. మామూలు మాటల్లో మొదటి రెండు వాక్యాలకీ వాంట్ తప్పేం కాదు.